లినక్స్‌కి మారాను, విండోస్‌ని మాత్రం వదల్లేదు

2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, 11కి వెళ్ళేముందు లినక్స్ కూడా చూద్దామని వేశాను. బ్రౌజింగ్, సినిమాలు, ఆఫీసు పని... వీటికి నాకు ఏ ఓఎస్ అయినా ఒకటే. అసలు టెన్షన్ గేమ్స్‌తోనే. స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ 2018లో తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడుపుతుంది. గేమ్ డైరెక్ట్‌ఎక్స్‌లో, అంటే విండోస్ గ్రాఫిక్స్ భాషలో, అడిగేదాన్ని లినక్స్‌లో కూడా పనిచేసే వల్కన్‌లోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకి అందిస్తుంది. అందుకే ఒక్కడినే ఆడుకునే గేమ్స్ చాలావరకు ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే నడిచిపోతున్నాయి. చిక్కల్లా ఆన్‌లైన్ పోటీ గేమ్స్‌తో. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివాటిలో మోసాల్ని పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌ని గడప దాటనివ్వదు. ఫ్రెండ్స్ రాత్రిళ్ళు పిలిచేదేమో వాటికే! అందుకని రెండో ఎస్ఎస్‌డీలో విండోస్ 11 ఉంచుకున్నాను. ఒకే డిస్క్‌లో రెండూ పెట్టి, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ఓఎస్‌ని మొదలుపెట్టేది) ఉందో పోయిందో చూసుకునే ఓపిక నాకు లేదు.