ఆదివారం, టీవీలో రాములమ్మ

పొద్దుటి పనులన్నీ అయ్యి ముందర్రలోకి వచ్చేసరికి అమ్మ గోకరకాయ ఈనెలు తీస్తూ టీవీ చూస్తోంది. ‘ఒసేయ్ రాములమ్మా’. ఎన్నిసార్లు వచ్చినా మా ఇంట్లో ఛానల్ మారదు. దొర గడి, ఆ కోటలాంటి ఇల్లు, కనపడగానే అమ్మ చేతిలో కాయ అట్లే ఆగిపోయింది. “మీ అమ్మమ్మ గిట్లనే గడిల వడ్లు దంచేది. పొద్దుగూకి ఇంటికొస్తే చేతులు బొబ్బలు. ఒక్క గింజ కూడ ఇయ్యకపోదురు” అంది. ఈ సంగతి అమ్మ మామూలుగా ఎత్తదు. ఆ సినిమా చూసినప్పుడే చెబుతుంది.

1997లో దాసరి నారాయణరావు ఆ సినిమా తీస్తే, మా వాడకట్టు ఆడోళ్లంతా ట్రాక్టర్ మాట్లాడుకుని పరకాల పోయి చూసొచ్చారట. అప్పటి నుంచి అందులో రాములమ్మ వేషం వేసిన విజయశాంతి అన్న పేరు మా దిక్కు ఎవరూ పెద్దగా పలకరు. రాములమ్మే.

అన్నం తింటుంటే తమ్ముడు అందుకున్నాడు. “ఎన్ని పార్టీలు మారిందే అమ్మా మీ రాములమ్మ?”

“మారితే మారనీయ్‌రా. గప్పుడు తెలంగాణ అని సొంతంగ పార్టీ పెట్టిన ఆడది ఇంకెవలున్నరో చెప్పు.”

తమ్ముడి మాటలో అబద్ధం లేదు. 1998లో బీజేపీ, 2005లో సొంతంగా తల్లి తెలంగాణ, 2009లో దాన్ని టీఆర్ఎస్‌లో కలిపి మెదక్ ఎంపీ, 2014లో కాంగ్రెస్, 2020లో మళ్లీ బీజేపీ, 2023లో మళ్లీ కాంగ్రెస్, 2025 మార్చిలో ఎమ్మెల్సీ. ఆమెను నమ్మి జెండా పట్టిన కార్యకర్తలు ప్రతిసారీ ఏ దిక్కు పోవాల్నో తెలియక నిలబడి ఉంటారు. వాళ్లను తలుచుకుంటే నాకూ బాధే. అయినా అమ్మ అడిగినదానికి తమ్ముడి దగ్గర జవాబు లేదు. సినిమాల్లో అంత పేరున్న మనిషి మద్రాసులోనో హైదరాబాద్‌లోనో హాయిగా ఉండొచ్చు. తెలంగాణ మాటెత్తితే కొత్తగా వచ్చే లాభమేమీ లేని రోజుల్లో ఆమె ఊరూరా తిరిగింది. 2014 ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు పాసైన లోక్‌సభలో ఆమె ఒక సభ్యురాలు. ఇది మాత్రం నేను మరవలేను.

సాయంత్రం నా బిడ్డకు ‘ప్రతిఘటన’ పెట్టి చూపించా. టి. కృష్ణ తీసింది, 1985. 1966లో పుట్టిన విజయశాంతికి అప్పటికి 19 ఏళ్లు. ఆ వయసులో కాలేజీ లెక్చరర్ వేషం! సాక్ష్యం చెప్పినందుకు నడిబజార్లో బట్టలూడదీసి అవమానిస్తారు. ఆ తర్వాత క్లాసుకు పోతే బోర్డు మీద పిచ్చి బొమ్మ. అది చూసి ఆమె అరవదు. పిల్లల వైపు తిరిగి, మీరు ఎవరి కడుపున పుట్టారో గుర్తుందా అన్నట్టు నిలదీస్తుంది. చివర్లో గూండా కాళి మెడలో దండ వేసి గొడ్డలి ఎత్తినప్పుడు నా బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకైతే గొడ్డలి కన్నా ఆ క్లాసురూమే పెద్ద సీను. మళ్లీ అదే గదికి పోయి నిలబడడానికి ఎంత ధైర్యం కావాలి!

‘కర్తవ్యం’ వచ్చే ఆదివారం చూపిస్తానని చెప్పా. కిరణ్ బేడీ స్ఫూర్తితో రాసిన ఐపీఎస్ పాత్ర. 1990 సినిమాలకు ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది అదే. అంతకు రెండేళ్ల ముందు ‘దాసి’కి అర్చన తెచ్చుకుంది, అదీ తెలంగాణ గడి కథే. కానీ ‘దాసి’ మా ఊళ్లో ఆడలేదు. ‘కర్తవ్యం’ ఆడింది, పోలీసు డ్రెస్సులో ఆడమనిషి కనపడగానే హాలంతా ఈలలేసింది. అంతమంది చూసే సినిమాకు ఆ అవార్డు రావడం నాకు ఇప్పటికీ సంతోషమే.

పడుకునే ముందు అమ్మ అడిగింది, “రాములమ్మ కౌన్సిల్‌ల మాట్లాడుతదా మరి?” అని. మాట్లాడాలనే నాకూ ఉంది. ఆమె కుటుంబం మూలాలు ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం అంటారు. వానాకాలం మా దిక్కు వార్తల్లో గోదావరి ఎన్ని మీటర్లు వచ్చిందో చెప్పేది ఆ ఊరి ఘాట్ నుంచే. నీళ్లు పెరిగినప్పుడల్లా చంటిపిల్లల్ని ఎత్తుకుని మిట్టకు నడిచే ఆడవాళ్ల కోసం ఆమె ఒక్కసారి గట్టిగా నిలదీస్తే, మా అమ్మ ఏ పార్టీ అని అడగనే అడగదు.