లారీని రోడ్డు మీద తూచేటప్పుడు

మన కాలేజీలో ట్రాన్స్‌పోర్టేషన్ పేపర్ చదివిన ఏ బ్యాచ్‌కైనా నాలుగో ఘాతం సూత్రం గుర్తుండే ఉంటుంది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958-60 మధ్య జరిగిన ఆషో రోడ్ టెస్టులో (అక్కడి రహదారి అధికారుల సంఘం లారీలు తిప్పి చేసిన ప్రయోగం) తేలింది అది: యాక్సిల్ (ఇరుసు) మీద బరువు పెరిగితే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. తారు రోడ్ల డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శి, మన ఐఆర్‌సీ 37 కూడా ఆ లెక్కే వాడుతుంది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కి ప్రామాణిక బరువు 80 కిలోన్యూటన్లు, అంటే 8.16 టన్నులు. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. 2018లో కేంద్రం ఈ యాక్సిల్ పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకి పెంచింది. పెరిగింది 1.3 టన్నులే. నష్టం మాత్రం 60 శాతం పైనే పెరిగింది.

సూత్రం అందరికీ వచ్చు. అందులో వేసే అంకె రోడ్డు మీద ఎలా పుడుతుందన్నదే అసలు చదువు. ఇప్పుడు థీసిస్ పనిలో ఉన్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

లారీల్ని ఆపి యాక్సిల్ బరువులు తూచే సర్వేకి తిన్నగా, సమతలంగా ఉన్న చోటు చూసుకోండి. ఎత్తెక్కే చోట, దాబాల ముందు, జంక్షన్ దగ్గర పెట్టకండి. తూకం ప్యాడ్ రోడ్డు కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది. జంట యాక్సిల్‌లో ఒక చక్రం ప్యాడ్ ఎక్కి, రెండోది కింద ఉండిపోతే, ఎత్తులో ఉన్న చక్రమే ఎక్కువ బరువు మోస్తుంది. అందుకే ప్యాడ్‌కి ముందూ వెనకా అదే మందం పలకలు పరవాలి. ఒకే పక్క తూచి రెండుతో గుణించే పద్ధతి ఉంది గానీ, వాలున్న రోడ్డు మీద బరువు పల్లం వైపు ఒరుగుతుంది. రెండు పక్కలా ప్యాడ్లు పెట్టడమే మేలు. ప్యాడ్ మూల కింద చిన్న కంకర రాయి ఇరుక్కున్నా రీడింగ్ మారిపోతుంది. కొన్ని లారీలకోసారి ప్యాడ్ ఎత్తి తుడిచి, సున్నా సరిచూడాలి. డ్రైవర్ బ్రేకు వదిలాకే అంకె రాసుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదం లారీల ఎంపికలో ఉంది. ఆపడానికి వీలైనవే ఆపితే నమూనా పాడైనట్టే. 20 శాతం లారీలు నమూనాగా కావాలంటే ప్రతి ఐదో లారీ, అది ఖాళీదైనా సరే, తూచాల్సిందే. తనిఖీ అనుకుని డ్రైవర్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. అధిక లోడు బండ్లు దాబాల దగ్గరే ఆగిపోతాయి. ముందు రోజు అదే చోట రకాలవారీగా వాహనాలు లెక్కపెట్టి ఉంటే ఈ సంగతి ఇట్టే బయటపడుతుంది. మల్టీ యాక్సిల్ లారీలు ఒక్కసారిగా తగ్గితే ఆ రోజు డేటా నమ్మకండి.

దిక్కుల్ని కలపకండి. చీమకుర్తి గ్రానైట్ బ్లాకులు ఓడరేవు వైపు వెళ్తాయి, లారీలు ఖాళీగా తిరిగొస్తాయి. ఒక వైపు నష్టం గుణకం (ఒక లారీ చేసే నష్టం ఎన్ని ప్రామాణిక యాక్సిళ్ల నష్టానికి సమానమో చెప్పే అంకె) 6, రెండో వైపు 0.2 వచ్చిందనుకోండి. సగటు 3.1తో డిజైన్ చేస్తే బరువు మోసే వైపు సగం ఆయుష్షుకే గాడిపడుతుంది. ఎక్కువ వచ్చిన అంకెనే తీసుకోవాలి.

చాలా రిపోర్టుల్లో యాక్సిల్ బరువుల సగటు తీసి, తర్వాత ఘాతం వేస్తారు. ఇది ఘోరమైన తప్పు. 4.08 టన్నుల యాక్సిల్ ఒకటి, 12.24 టన్నులది ఒకటి అనుకుందాం. సగటు సరిగ్గా 8.16, గుణకం 1. విడివిడిగా ఘాతం వేసి, ఆ తర్వాత సగటు తీస్తే 2.56 వస్తుంది.