వెయ్యి ఫ్లోరిన్ల గది

ఫ్లోరెన్స్‌లో మొదటి రోజంతా వానే. వాన పడుతుంటే ఇక్కడి పాత పాలనా భవనం పలాజ్జో వెక్కియో టవరు ఎక్కనివ్వరు. పోర్చుగల్‌లోని లాగోస్ నుంచి నేను పనిగట్టుకుని వచ్చింది ఆ టవరులోని ఒక్క గది కోసం. చేసేది లేక తడిసిన గొడుగుతో ఒక కాఫీ దుకాణంలో కూర్చున్నాం. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే దానికి మూడింతలు! రెండు చిన్న కప్పులకు తీసుకున్న డబ్బుతో విజయవాడలో మేమిద్దరం కడుపునిండా భోజనం చేయవచ్చు. ఒళ్లు మండిపోయింది. ఆ పూటకు మరేమీ చూడబుద్ధి కాలేదు.

మర్నాడు ఎండ కాసింది. ఇరుకు మెట్ల మధ్యలో ఆ గది వచ్చింది. పేరు అల్బెర్గెత్తో, అంటే చిన్న సత్రం. మా ఊరి సత్రంలో సామాన్లు పెట్టే కొట్టు కూడా ఇంతకంటే విశాలంగా ఉండేది. 1433 సెప్టెంబరులో కోసిమో దె మెడిచీని ఇక్కడ బంధించారు. పాశ్చాత్య ప్రపంచంలో అంతటి వడ్డీ వ్యాపారి లేడు, అయినా ప్రత్యర్థి రినాల్దో అల్బిజ్జీ వర్గం పట్టి తెచ్చి ఇందులో పడేసింది. కింద చౌకులో ఆయుధాల చప్పుడు, జనాన్ని పిలిచే గంట మోత ఆయనకు వినిపిస్తూనే ఉన్నాయి. భోజనంలో విషం కలుపుతారన్న భయంతో నాలుగు రోజులు కాస్త రొట్టె తప్ప ఏమీ ముట్టలేదు. చివరికి కాపలా అధికారి ఫెదెరీగో మాలవొల్తి వచ్చి, పక్కన కూర్చుని, అదే భోజనం తాను కూడా తిన్నాడు. అప్పుడు గానీ కోసిమోకు ముద్ద దిగలేదు.

ఆ రాతి గోడకు చేయి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. మెడిచీ అనగానే చిత్రకళ, శిల్పకళ అంటారు. నాకు మాత్రం ఆ కుటుంబ కథ ఈ భోజనం దగ్గరే మొదలవుతుంది. ఆ తర్వాత నగర పాలకుడు బెర్నార్దో గ్వాదాన్యీ చేతికి వెయ్యి ఫ్లోరిన్లు, అంటే ఆ ఊరి బంగారు నాణేలు, చేరాయి; మరణశిక్ష తప్పి దేశబహిష్కారంతో సరిపోయింది. పదివేలు అడిగినా ఇచ్చేవాణ్ణే, వాళ్లకు అడగడం తెలియలేదని కోసిమో తరువాత రాసుకున్నాడు. ఏడాది తిరగకుండానే, 1434లో, నగరం ఆయనను వెనక్కి పిలిచింది. ఈసారి వెళ్లిపోవలసిన వంతు రినాల్దోది.

పైకి ఎక్కగానే ఎదురుగా నగరంలోని పెద్ద చర్చి మీద బ్రూనెల్లెస్కీ కట్టిన గుమ్మటం. ఎర్రటి పెంకులు ఎండకు మెరుస్తున్నాయి. 1420లో మొదలైన ఆ గుమ్మటం 1434లో ఇంకా పూర్తి కాలేదు. కింద నుంచి మోసే చట్రం లేకుండా అంత ఎత్తున ఇటుకలు పేర్చుకుంటూ పోయిన మనిషిని ఆ ఆగస్టులోనే జైల్లో పెట్టారు. నేరం ఏమిటంటే, తాపీ మేస్త్రుల సంఘానికి చందా కట్టకపోవడం! గుమ్మటం పనులు చూసే పెద్దలు పట్టుబట్టి విడిపించారు.

అది తలుచుకోగానే నాకు మా నాన్న గొంతులో శ్రీనాథుడి చాటు పద్యం వినిపించింది. దాదాపు ఆ కాలపువాడే. విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్న కవి. బొడ్డుపల్లె గుత్త తీసుకుని, ఏడునూర్ల టంకాలు కట్టలేక, ఎదురెండలో బండ మోశాడని ఆ పద్యం చెబుతుంది. నాన్న అది చదివినప్పుడల్లా చివరి పాదం దగ్గర ఆగిపోయేవారు. "శ్రీనాథుడిని విడిపించే పెద్దలు ఎవరూ రాలేదు" అన్నాను.

మా ఆవిడ మాత్రం గుమ్మటం వైపు చూడటం లేదు. "లాగోస్‌లో వాళ్లకు?" అంది. ఎవరి గురించో నాకు వెంటనే అర్థమైంది. లాగోస్‌లో మేం మొదట చూసింది జిల్ ఇయానిష్ విగ్రహం. అంతకుముందు ఎందరో భయపడి వెనుదిరిగిన, ఆఫ్రికా పడమటి తీరంలోని బొజదోర్ అగ్రాన్ని 1434లోనే దాటిన నావికుడు. ఆ ఇసుక తీరంలో మనుషులు కనబడలేదు. గుర్తుగా కొన్ని మొక్కలు తెచ్చి యువరాజు హెన్రీకి ఇచ్చాడు. పోర్చుగల్‌లో వాటిని సెయింట్ మేరీ గులాబీలు అనేవారట. ఆ మాట చదివి నేను ఎంత మురిసిపోయానో!

తరువాత బానిసల అంగడి చూశాం. 1444 ఆగస్టులో, అదే దారిన, 235 మంది ఆఫ్రికన్లను తెచ్చి లాగోస్‌లో దింపారు. పంచుతున్నప్పుడు తల్లులు పిల్లలను చేతుల్లో బిగించి నేల మీద బోర్లా పడ్డారని, దెబ్బలు తింటూ కూడా వదల్లేదని రాజుగారి చరిత్రకారుడే రాశాడు. యువరాజు గుర్రం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వాటా ఐదో వంతు, 46 మంది.

మా ఆవిడ మెట్ల వైపు నడిచింది. దిగేటప్పుడు ఆ గది ముందు మళ్లీ ఆగుతామనుకున్నాను. తను ఆగలేదు.