బుకిట్ తిమా లాగ్: 163 మీటర్లు, ఆరు వారాలు, లీటర్ల కొద్దీ చెమట

సింగపూర్ దేశం మొత్తంలో ఎత్తైన చోటు బుకిట్ తిమా కొండ. ఎత్తు 163.63 మీటర్లు. అంతకంటే ఎత్తైన బిల్డింగులు సిటీలో చాలానే ఉన్నాయి కాబట్టి "దేశంలోకెల్లా పెద్ద శిఖరం ఎక్కుతున్నా" అంటే ఆఫీసులో నవ్వారు. నేనూ నవ్వుతూనే బయల్దేరాను. గంట తర్వాత మా తొమ్మిదేళ్లవాడు మెట్ల పైన నిలబడి "నాన్నా, ఇంకా ఎంతసేపు?" అని అరుస్తుంటే, కింద మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయి ఉన్నాను. ఈ లెక్కలు రాయడం ఆ రోజే మొదలుపెట్టాను.

మొదటి వారం. బ్యూటీ వరల్డ్ ఎమ్మార్టీ (మెట్రో) స్టేషన్‌లో దిగి, హింద్‌హీడ్ డ్రైవ్ మీదుగా విజిటర్ సెంటర్‌కి నడిచి వెళ్లాం. టికెట్ లేదు. దారులు ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు తెరిచి ఉంటాయి. అక్కడి నుంచి పైకి తారు రోడ్డే, కిలోమీటరుకు అటూ ఇటూ. నా వాచీ లెక్కలో ఎక్కాల్సిన ఎత్తు ఓ వంద మీటర్లు. పైకి చేరడానికి 26 నిమిషాలు పట్టింది, మూడుసార్లు ఆగాను, గుండె వేగం 179 దాకా వెళ్లింది. వాడు ఒక్కసారీ ఆగలేదు. పైన రాయి మీద ఎత్తు రాసిన పలక ఉంటుంది, దాని దగ్గర ఫోటో తీసుకున్నాం. అక్కడి నుంచి సిటీ కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి, చుట్టూ చెట్లే.

ఆ రోజు చేసిన తప్పు తర్వాత అర్థమైంది. ఈ రోడ్డుకి మొదట్లోనే పెద్ద వాలు ఉంది. ఒళ్లు వేడెక్కకముందే అది ఎదురొస్తుంది. అందరూ ఉత్సాహంగా గబగబా ఎక్కేస్తారు, నేనూ అంతే. రెండో వారం నుంచి ఆ వాలు వరకూ కావాలనే నత్తనడక నడిచాను. నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: పక్కన ఉన్న వాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గించాలి. మూడో వారం ఆగకుండా 21 నిమిషాల్లో చేరాను, గుండె వేగం 164 దాటలేదు. నెమ్మదిగా మొదలుపెడితే ఐదు నిమిషాలు కలిసొచ్చాయి!

ఇక్కడి వేడి గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే ఈ కొండ మీద అసలు కష్టం అదే. ఇది రోళ్లు పగిలే ఎండ కాదు. థర్మామీటర్ చూస్తే పొద్దున 27, మధ్యాహ్నం 32, అంతే. కానీ తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం దాటి ఉంటుంది. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఇక్కడ అది ఆరదు, మోచేతుల నుంచి కారిపోతుంది. అడవి నీడ ఇస్తుంది, కానీ గాలి ఆడనివ్వదు. అందుకని ఇప్పుడు ఉష్ణోగ్రత చూడటం మానేశాను. మై ఈఎన్‌వీ అనే సింగపూర్ ప్రభుత్వ యాప్‌లో హీట్ స్ట్రెస్ రీడింగ్ ఉంటుంది. వేడి, తేమ, ఎండ, గాలి అన్నీ కలిపి కొలిచేది. 31 లోపు ఉంటే తక్కువ, 31 నుంచి 33 లోపు మధ్యస్థం, 33 నుంచి ఎక్కువ కింద లెక్క. నా రూలు: 31 దాటితే ఒక్క రౌండే (పైకెక్కి కిందికి దిగితే ఒక రౌండ్).

ఆ రూలు నాలుగో వారంలో పుట్టింది. శనివారం రాత్రి నిద్ర సరిగా లేదు. ఆదివారం పొద్దున వర్షం పడితే ప్రోగ్రామ్ సాయంత్రానికి మార్చి, మూడున్నరకి మొదలుపెట్టాను. సగం దూరంలో తల బరువెక్కింది. తర్వాత చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఉక్కలో చలి! ఒక నిమిషం అది చల్లగాలి అనుకుని సంతోషించాను కూడా. కాదని, ఒంటికి వేడి మించిపోతోందనడానికి గుర్తని తెలిసి అక్కడే గట్టు మీద కూర్చున్నాను, సీసాలో ఉన్న నీళ్లు మెడ మీద, తల మీద పోసుకున్నాను, పావుగంట తర్వాత మెల్లగా కిందికి దిగిపోయాను. శిఖరం పది నిమిషాల దూరంలో ఉంది. ఆ ఆదివారం గడిలో "0 రౌండ్లు" అని రాశాను. ఒళ్లు ఇక్కడి వేడికి అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది, అదీ దాదాపు రోజూ వేడిలో కదిలితేనే. వారమంతా ఏసీలో కూర్చుని ఆదివారం ఒక్కసారి వెళ్తే ఎలా పడుతుంది? అప్పటి నుంచి మధ్యలో మూడు సాయంత్రాలు ఇంటి కింద అరగంట చొప్పున చురుగ్గా నడుస్తున్నాను.

నీళ్ల లెక్క. ఐదో వారం ఇంట్లో బరువు చూసుకుని వెళ్లాను: 78.6 కిలోలు. రెండు రౌండ్లు, మొత్తం 95 నిమిషాలు, మధ్యలో తాగింది 600 మిల్లీలీటర్లు, బాత్రూమ్‌కి వెళ్లలేదు. తిరిగొచ్చి ఒళ్లు తుడుచుకుని చూస్తే 77.5. అంటే పోయింది 1.7 కిలోలు, గంటకి ఒక లీటరు పైమాటే. ఇప్పుడు గంటకి 700 దాకా తాగుతున్నాను, అది కూడా గుక్క గుక్కగా. పోయినదంతా ఒక్కసారే ఉత్త నీళ్లతో నింపడం మంచిది కాదు, ఒంట్లో సోడియం పలచబడుతుంది. ఒక సీసాలో ఉత్త నీళ్లు, రెండో దాంట్లో లీటరుకి పావు చెంచా ఉప్పు, రెండు చెంచాల పంచదార, నిమ్మరసం. సీసాలో సగం వరకు నీళ్లు పోసి రాత్రి ఫ్రీజర్‌లో పడుకోబెట్టి, పొద్దున మిగతా సగం నింపుతాను. రెండో రౌండ్ దాకా చల్లగా ఉంటుంది, వాలు దగ్గర అరచేతుల్లో పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది.

కాటన్ టీషర్ట్ మొదటి వారంతోనే సరి. తడిసి గోనెసంచిలా వేలాడింది, తొడలు ఒరుసుకుని రెండు రోజులు వంకరగా నడిచాను. ఇప్పుడు పల్చటి స్పోర్ట్స్ షర్ట్, ఒరుసుకునే చోట వాజిలీన్, తిరుగు ప్రయాణానికి ఇంకో జత బట్టలు. ట్రెయిన్‌లో పక్కవాళ్ల ముక్కుల గురించి కూడా ఆలోచించాలి కదా. దిగేటప్పుడు తారు రోడ్డు మోకాళ్లని బాగా కుదుపుతుంది. అడుగులు చిన్నవి చేసి, రోడ్డుకి అడ్డంగా ఇటూ అటూ వంకర్లు తిరుగుతూ దిగితే నయం. వాన పడ్డ రోజు అడవి దారుల్లో వేర్లు సబ్బులా జారతాయి. ఉరుము వినిపిస్తే మాత్రం ఆలోచించేది లేదు, దిగిపోవడమే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట పిడుగులు మామూలే.

కోతులు. విజిటర్ సెంటర్ దగ్గరే ఉంటాయి. వాటికి ప్లాస్టిక్ కవర్ అంటే తిండి అని అర్థం. రెండో వారం మావాడి చేతిలోని కవర్‌ని ఒకటి వెనక నుంచి వచ్చి లాగేసింది. లోపల ఉన్నది తడి బట్టలే. గోడ మీద కూర్చుని నా బనియన్ విప్పి, వాసన చూసి, పక్కన పడేసింది. కోతికి కూడా నచ్చలేదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తిండి పెడితే మాత్రం నవ్వులాట కాదు, మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా. అన్నీ జిప్ ఉన్న బ్యాగులో పెట్టుకోవడమే.

మావాడికి రౌండ్ల మీద ఆసక్తి పోయింది, పురుగుల మీద పడ్డాడు. 1854లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఈ కొండ చుట్టుపక్కలే మకాం వేసి వందల రకాల పెంకు పురుగులు పట్టాడని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి పడిపోయిన చెట్టు దగ్గరా ఆగుతున్నాడు. నా గుండె వేగానికి మాత్రం అలా మధ్యమధ్యలో ఆగడం బాగానే ఉంది.

ఆరో వారం. పొద్దున 7:10కి మొదలు, యాప్‌లో 28. మూడు రౌండ్లు, పైకి చేరడానికి 19, 20, 22 నిమిషాలు. గుండె వేగం 161 దాటలేదు. తాగింది లీటరు పైన, బరువు తగ్గింది 0.8 కిలో. మూడో రౌండ్ దిగుతుంటే ఎడమ బూటు రెండుసార్లు జారింది. చూస్తే మడమ దగ్గర గాడులు పూర్తిగా అరిగిపోయాయి. వచ్చే ఆదివారం నాలుగు రౌండ్లు అనుకున్నాను కానీ, ముందు బూట్లు కొనాలి.