మూడో రేకు దగ్గర మళ్లీ ఆగిపోయాను

నిన్న పొద్దున్న చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంటు కింద కారులో కూర్చుని తాళంచెవితో ఇరవై ఐదు నిమిషాలు కుస్తీ పట్టాను. పదకొండు రోజులపాటు ఏ పేచీ లేకుండా తిరిగిన ఇగ్నిషన్ తాళం, బాగుచేశానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్న మర్నాడే బిగుసుకుపోయింది. ఆ వివరాలు ఇంకా చేతికి నల్లగా అంటుకుని ఉండగానే రాసిపెట్టుకుంటున్నాను.

నూనె సంగతి ముందు తేల్చేస్తాను. తాళం మొదట మొరాయించిన వారం అందులో నేను కొట్టిన డబ్ల్యూడీ 40 రెండు రోజులు పనిచేసింది, ఆ తరువాత లోపలి దుమ్మును ముద్ద చేసి కూర్చుంది. తుప్పు వదిలించడానికి అది మంచి సరుకే కానీ, తాళంలో ఉంచేయవలసినది కాదని నా అభిప్రాయం. పెన్సిల్ ముల్లు అరగదీసి పోయమని చాలామంది చెబుతారు గాని, ఆ ముల్లులో గ్రాఫైటుతో పాటు బంకమట్టి కూడా ఉంటుంది కనుక నేను పోయను. కరెంటు భాగాలు శుభ్రం చేసే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో కడిగి, ఆరాక విడిగా అమ్మే గ్రాఫైట్ పొడిని చిటికెడు మాత్రం ఊదాను.

బ్యారెల్ (తాళంచెవి దూరి తిరిగే గుండ్రటి లోపలి భాగం) బయటికి తీయడంలో ఒక తమాషా ఉంది. దాన్ని పట్టి ఉంచే పిన్నును నొక్కాలంటే తాళంచెవి ఏసీసీ (ఇంజను నడవకుండా రేడియో వంటివి మాత్రం పనిచేసే) స్థానానికి తిరగాలి. తిరగనిదే బయటికి రాదు, బయటికి రానిదే తిరిగేలా చేయలేము. అందుకే మొదటిసారి దాన్ని తీసిన రోజు, నలభై నిమిషాల తరువాత ఎలాగో తిరిగినప్పుడు, మళ్లీ వెనక్కి పోనీయకుండా ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కుడిచేత్తో సన్నని సూదిమొనతో పిన్ను నొక్కి, ఊపిరి బిగబట్టి లాగాను. తాళంచెవిని ఒక మిల్లీమీటరు వెనక్కి లాగి తిప్పితేనే అది తిరిగిందన్న విషయం అప్పుడే గమనించి ఉంటే సగం శ్రమ తప్పేది.

బ్యారెల్‌లో అడ్డంగా, స్ప్రింగుల మీద కదిలే పలుచని రేకులు ఉంటాయి. తాళంచెవి లోపల ఉన్నప్పుడు అవన్నీ బ్యారెల్ అంచుతో సమానంగా ఉండాలి, లేకపోతే బయటి గూడు గాడిలో తట్టుకుని దాన్ని తిరగనివ్వవు. ఎనిమిదిలో ఏడు అలాగే ఉన్నాయి. మూతి వైపు నుంచి లెక్కిస్తే మూడోది మాత్రం స్ప్రింగు నెట్టే దిశలో 0.22 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంది. దాని మీద 2 అంకె ముద్రించి ఉంది. అయిదో, ఏడో రేకుల మీద కూడా అదే అంకె ఉంది. కనుక తాళంచెవిపై ఆ మూడు చోట్ల కోత లోతు ఒకటే కావాలి. తాళంచెవి వెనుక అంచు నుంచి వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే అయిదు, ఏడు స్థానాల్లో 6.48, 6.46 మిల్లీమీటర్లు వచ్చాయి, మూడో స్థానంలో 6.24. తాళంచెవిని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే కారణం కనబడింది: మూడో చోట రెండు లోతైన కోతల మధ్య సన్నని మిట్ట ఒక్కటే ఉంది, రాపిడంతా దాని నెత్తినే పడి అరిగింది. 2019లో వీధి చివర చేయించిన రెండో తాళంచెవి కూడా అక్కడ 6.25 మాత్రమే ఉంది. చేసినాయన్ని అడిగితే, ‘ఉన్నదాన్ని చూసి ఉన్నట్టే కోశాను సార్’ అన్నాడు. అదే కదా జరిగింది: అరుగుదల కూడా ఉన్నట్టే దిగింది.

కొత్త తాళంచెవి చేయించే ఓపిక లేక, మూడో రేకు పై అంచును సన్నని ఆకురాయితో 0.2 మిల్లీమీటర్ల మేర అరగదీసేశాను. తప్పు పని అని తెలిసే చేశాను. పదకొండు రోజులు తిరిగింది.

నిన్నటి వైఫల్యానికి మొదట ఎండనే అనుమానించాను. కాని ఇత్తడి రేకుకు, జింకు పోత బ్యారెల్‌కు వ్యాకోచంలో డిగ్రీకి మీటరుకు 8 మైక్రాన్ల (0.008 మిల్లీమీటర్ల) దాకా తేడా ఉంటుంది. ఏడు మిల్లీమీటర్ల రేకుకు ముప్ఫై డిగ్రీల వేడిలో అది 0.002 మిల్లీమీటరుకు కూడా రాదు. ఆ అనుమానం అక్కడితో ఆగిపోయింది. ఆ తరువాత నలభై సార్లు లెక్కపెట్టి తిప్పాను. ముందు చక్రాన్ని పక్కకు తిప్పి గోడకు ఆనించి ఆపినప్పుడు ఇరవైలో ఆరుసార్లు తిరగలేదు. చక్రాలు తిన్నగా పెట్టి, సమతల రోడ్డు మీద ఆపినప్పుడు ఇరవైలో ఒక్కసారే. గోడ తోపుడుకు, తాళంచెవి తీసినప్పుడు స్టీరింగును కదలకుండా పట్టే లాక్ చువ్వ మీద బరువు పడి, ఆ బరువుకు తోడు నేను అరగదీసిన అంచున మిగిలిన గరుకు నలుసు గాడికి తట్టుకుంటోందని నా ఊహ. స్టీరింగును అటూ ఇటూ ఊపుతూ తిప్పితే కొన్నిసార్లు సాగుతుంది కానీ, గోడ తోపుడు ఎదురుగా ఉంటే చేతి బలం చాలదు.

ఆదివారం పాత బండ్ల విడిభాగాలు దొరికే పుదుపేట వెళ్తాను. ఇప్పుడున్న తాళంచెవిని చూసి కోసేవాళ్లను కాక, రేకుల అంకెలను బట్టి కోతలేవీ లేని కొత్త తాళంచెవి మీద కోసేవాళ్లను వెతకాలి. 2 అంకె ఉన్న రేకు పాత లాక్‌సెట్లలో ఒకటి దొరికితే నేను అరగదీసినదాన్ని పారేస్తాను. అప్పటిదాకా చక్రాలు తిన్నగా పెట్టి, గోడకు జానెడు దూరంలోనే ఆపుతున్నాను. ఆ పని అయ్యాక నాన్నగారి మోటారు సైకిల్ పెట్రోలు ట్యాంకు మూత తాళం విప్పాలి. దానికి తాళంచెవి తిరుగుతుంది కానీ బయటికి రాదు.