జి.మాడుగుల కొండల్లో, తొలకరికి ముందు

లంబసింగి అనగానే మనకి డిసెంబరు మంచే గుర్తొస్తుంది. నేను వెళ్లింది జూన్ మొదట్లో. ఆ రోజుల్లో అక్కడ టూరిస్టుల సందడి ఉండదు. టెంట్లు ఎత్తేసి ఉంటాయి. మధ్యాహ్నం దాటితే ఎక్కడో ఒకచోట ఉరుముతూనే ఉంటుంది. జి.మాడుగుల మండలంలో ఒక గూడెం వాళ్లు ఏటా వానలకి ముందు తమ మట్టిరోడ్డుని తామే సరిచేసుకుంటారని అక్కడ పనిచేసే టీచర్ మిత్రుడు చెప్పాడు. "చూడాలంటే ఇప్పుడే రా, నాలుగు పెద్ద వానలు పడ్డాక వస్తే ఏమీ కనబడదు" అన్నాడు.

నర్సీపట్నంలో పొద్దున్నే బస్సెక్కాను. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. మన్యం చరిత్ర కొంచెం చదివినవాళ్లకి ఈ దారి మామూలు దారి కాదు. వందేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దార్‌గా ఉన్న బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించాడు. కొండవాళ్లని బలవంతంగా పనిలో పెట్టి, చాలీచాలని కూలి ఇచ్చాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. ఆ తిరుగుబాటు వెనక అడవి చట్టాల మీద, పోడు మీద పెట్టిన ఆంక్షల మీద ఎంత కోపం ఉందో ఈ రోడ్డు కూలి మీద కూడా అంత కోపం ఉంది. అందుకే మన్యంలో జనం ఊరికే రోడ్డు పని చేస్తున్నారని వింటే, మెచ్చుకునే ముందు కూలి సంగతి అడగాలనిపిస్తుంది నాకు.

చింతపల్లిలో టీ తాగి, షేర్ జీపులో కొత్తపల్లి జలపాతం మలుపు మీదుగా జి.మాడుగుల చేరాను. మిత్రుడు బైక్ మీద తారు రోడ్డు చివరిదాకా దింపాడు. అక్కడి నుంచి ఎర్రమట్టి దారి, నడక.

ఆ దారిని కొన్నేళ్ల కిందట ఎవరో కాంట్రాక్టరు ప్రొక్లెయినర్‌తో కొండ కోసి వదిలేశాడు. ఇక్కడి వాళ్లు దాన్ని 'ఫార్మేషన్ రోడ్డు' అంటారు. కొండ ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరికి కూడా పక్కా రోడ్డు వేయాలన్నది 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నియమం. మన్యంలో ముప్పై, నలభై గడపల గూడేలే ఎక్కువ కాబట్టి చాలా ఊళ్లు ఆ లెక్కకి అందలేదు. 2023 నవంబరులో వచ్చిన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో ఆదిమ తెగల ఊళ్లకి ఆ హద్దు 100కి తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో గిరిజన ఊళ్లకి రోడ్లు వేసే 'అడవి తల్లి బాట' పనులు మొదలయ్యాయి. రోడ్లు వస్తున్నాయి, సంతోషమే. వేసిన రోడ్డుని తర్వాత ఎవరు చూస్తారన్నదే నా దిగులు. సడక్ యోజన తారు రోడ్డుకైతే వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు చూసుకోవాలని ఒప్పందంలో రాస్తారు. ఇలా కోసి వదిలేసిన మట్టిరోడ్డుకి ఆ దిక్కు కూడా లేదు.

రెండు మలుపులు తిరిగేసరికి గునపాల చప్పుడు వినబడింది. పాతిక మంది దాకా ఉన్నారు, సగం పైగా ఆడవాళ్లు. ఇంటికొకరు రావాలని ఊరి కట్టుబాటు. రాలేని ఇల్లు వంటకి బియ్యం ఇస్తుంది. పనికి పెద్ద ఒక ముసలాయన. అందరూ తాతా అనే పిలుస్తున్నారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. నేను నోట్‌బుక్ తీసి ఏదో అడగబోతుంటే ఆయన ఒక బిందె నా చేతిలో పెట్టి, "ముందు ఇక్కడ నీరొంపు బాబూ, ఎటెల్తాదో సూడు" అన్నాడు.

ఒంపాను. నీళ్లు రోడ్డుకి అడ్డంగా పోకుండా నేరుగా బండి గాడిలోకి దిగి, ఆ గాడి వెంట కిందికి పరిగెత్తాయి. "అదే దొంగ" అన్నాడు తాత.

కొండరోడ్డుకి జరిగే నష్టంలో చాలా భాగం ఆ బిందెడు నీళ్లలోనే తెలిసిపోతుంది. చక్రాలు గాడి వేస్తాయి. వాన నీళ్లు ఆ గాడిలో చేరి, పల్లానికి పోయేకొద్దీ వేగం అందుకుంటాయి. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లవుతుందని హైడ్రాలిక్స్ పాఠాల్లో చెబుతారు. అంటే ఎగువన గులకరాళ్లని కూడా కదపలేని నీరు, మధ్యలో ఆపేవాడు లేకపోతే దిగువన గుండుని దొర్లించేస్తుంది. ఇక్కడ అక్టోబరు తుపాను ఒక్కటి చాలు, ఏడాది పాటు నడిచిన దారి ఒక్క రాత్రిలో గెడ్డ (వాగు) అయిపోవడానికి. 2014 హుద్‌హుద్ తర్వాత ఈ కొండల్లో దారులు తిరిగిన ఎవరినడిగినా చెబుతారు.

అందుకని వాళ్లు చేసే పనంతా నీళ్లని వేగం అందుకోకముందే రోడ్డు దింపేయడం. దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా ఒక కాలువ తవ్వుతారు. ఆ మట్టినే దిగువ వైపు గట్టుగా పోసి, లోపల రాళ్లు పేర్చి దిమ్మిసతో కొడతారు. దాన్నే 'అడ్డం' అంటారు. జీపు దాని మీంచి ఎక్కి దిగగలగాలి, నీళ్లు మాత్రం దాటకూడదు. బాగా నిటారుగా ఉన్నచోట, అంటే 100 అడుగులకి 10 అడుగులు ఎక్కే చోట, అడ్డానికీ అడ్డానికీ మధ్య ఎంత దూరం వదులుతున్నారో అడుగులేసి కొలిచాను. సుమారు 80 అడుగులు. అటవీ రోడ్ల మాన్యువల్స్‌లో ఆ వాలుకి చెప్పే దూరం కూడా దాదాపు అంతే. వాలు తగ్గితే దూరం పెంచుతారు. తాత ఏ మాన్యువలూ చదవలేదు. కిందటి ఏడాది గాడి ఎక్కడ లోతయిందో గుర్తుపెట్టుకుని, దానికి కాస్త ఎగువన అడ్డం వేయిస్తాడు.

పనికంటే కష్టమైనది దింపిన నీళ్లు ఎవరి చెక్కలో (పొలం ముక్కలో) పడాలన్న సంగతి. నేను చూస్తుండగానే దాని మీద పెద్ద రగడ అయింది. ఒక అడ్డం నీళ్లు సరిగ్గా కింద ఉన్న పసుపు చెక్కలోకి దిగేలా ఉన్నాయి. ఆ చెక్క ఒక ఒంటరి ఆడమనిషిది. ఆమె తట్ట పక్కన పడేసి, దారికి అడ్డంగా నిలబడి, "మీ బండ్లెక్కడానికి నా పసుపు కొట్టుకుపోవాలా మావా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఒకడు సర్దిచెప్పబోతే తాతే ఆపేశాడు. ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు. రోడ్డు బాగుపడి కింది పొలం గండి పడితే వచ్చే ఏడాది ఆ అడ్డాన్ని ఆమే రాత్రికి రాత్రి పూడ్చేస్తుంది. ఎవరైనా అదే చేస్తారు. ఇంజినీర్లు గీసే డ్రాయింగుల్లో నీళ్లు రోడ్డు అంచున ఆగిపోతాయి. ఊళ్లో మాత్రం గొడవ మొదలయ్యేదే అక్కడ.

అరగంట వాదించుకుని, అడ్డాన్ని పదిహేను అడుగులు ఎగువకి జరిపారు. అక్కడ అంచు కింద పణుకు ఉంది. నీళ్లు రాతి మీద పడితే కోత ఉండదు. పణుకు అయిపోయాక నీళ్లు విడిపోయి పారేలా రెండు వరసలు రాళ్లు పేర్చారు. పైగా ఆమె చెక్క గట్టుకి ఏమైనా అయితే ఊరు మొదట ఆ గట్టు పని చేసి, తర్వాతే రోడ్డు పనికి రావాలని ఒప్పుకున్నారు. ఆమె తట్ట ఎత్తుకుంది.

కొండవైపు పక్క కాలువ పని దగ్గర ఇంకో విషయం నేర్చుకున్నాను. కాలువని వాళ్లు నున్నగా చెక్కరు. పూడిక తీస్తారు, అడుగున గడ్డి ఉంటే ఉంచేస్తారు. వాలు ఎక్కువైన చోట కాలువలో అడ్డంగా మోకాలికి తక్కువ ఎత్తులో రాళ్లు పేరుస్తారు. మధ్యలో రాయి పల్లంగా, రెండు అంచులా ఎత్తుగా ఉండాలి. లేకపోతే నీళ్లు అంచుల్ని తవ్వుకుని పక్కనుంచి పోతాయి. ఒక కుర్రాడు సమానంగా పేరిస్తే పక్కనున్న అక్క కాలితో మధ్య రాయి తన్నేసి మళ్లీ పెట్టించింది. జేసీబీతో ఈ కాలువ తీయిస్తే గంటలో అయిపోతుంది, కానీ బొచ్చె కొండ పాదాన్ని కూడా గీకేస్తుంది. పాదం తెగిన గట్టు మొదటి వానకే రోడ్డు మీద పడుతుంది. రెండేళ్ల కిందట అలాగే పడిందని ఆ చోటు చూపించారు.

ఆ పడిన గట్టు మీద ఇప్పుడు కొండచీపురు దుబ్బులు వరసలుగా ఉన్నాయి, వాలుకి అడ్డంగా. ఒక దుబ్బు తవ్వి, వేరుతో సహా నాలుగు ముక్కలు చేసి, తొలకరికి నాటితే పట్టేస్తుంది. చలికాలం చివర్లో చీపుర్లు కోసి జీసీసీకో (గిరిజన సహకార సంస్థ) వ్యాపారులకో అమ్ముకుంటారు. వరసలు ఇంటింటికీ పంచారు కాబట్టి పశువులు పడకుండా ఎవరి వరసని వాళ్లే చూసుకుంటారు. నేపాల్ కొండరోడ్ల గట్లకి కూడా ఇదే గడ్డి నాటుతారు. దీని వేళ్లు పైమట్టిని పట్టుకుంటాయి, అంతవరకే. లోతు నుంచి జారే కొండని గడ్డి ఆపలేదు. దానికి రాళ్లు నింపిన ఇనుప వల బుట్టలైనా, రాతి గోడైనా కావాలి. అది ఊరి చేతిలో పని కాదు, సర్కారు చేయాల్సిందే. ఈ తేడా ఊళ్లోవాళ్లకి స్పష్టంగా తెలుసు.

మూడింటికి వాన అందుకుంది. అందరూ తాటాకు గొడుగులూ ప్లాస్టిక్ పట్టాలూ కప్పుకుని రోడ్డు మీదే ఉండిపోయారు, నేనూ ఉన్నాను. ఎర్రనీళ్లు మొదటి అడ్డం దాకా వచ్చి, ఒక్క క్షణం తడబడి, పక్కకి తిరిగి పణుకు మీదకి జారాయి. రెండోదీ అలాగే. మూడో దాని దగ్గర నీళ్లు గట్టెక్కి పొర్లబోయాయి. బయటికి పోయే నోట్లో వదులుమట్టి జారి అడ్డుపడింది. ఒక కుర్రాడు పరిగెత్తుకెళ్లి పారతో రెండు వేట్లు వేశాడు, నీళ్లు దారికొచ్చాయి. ఆ పని ఆ నిమిషంలో జరగకపోతే గట్టు తెగిపోయేది, దాని కింద అడ్డాలన్నీ వరసగా పోయేవి. రోడ్డు నిర్వహణ అంటే వాన పడుతున్నప్పుడు పార పట్టుకుని రోడ్డు మీద ఉండే మనిషి అని నాకు అక్కడ అర్థమైంది. ఆ మనిషి మండల కేంద్రం నుంచి రాలేడు.

రాత్రి సామల అన్నం, చిక్కుడు గింజల కూర తిన్నాక కూలి మాట తెచ్చాను. ఒక ఏడాది ఉపాధి హామీలో ఈ పని పెట్టుకున్నారట. అక్కడ కూలి తవ్విన మట్టి కొలతని బట్టి వస్తుంది. కల్వర్టు నోట్లోంచి తీసిన ఆకులకీ, ఎండుకొమ్మలకీ కొలత లేదు. వానలో అడ్డం నోరు తెరిచిన రెండు పార వేట్లకి అసలే లేదు. గుంట తవ్వితే డబ్బు, గుంట పడకుండా చూస్తే సున్నా. దాంతో విసిగిపోయి మళ్లీ ఊరికే చేసుకుంటున్నారు. ఆశా కార్యకర్తగా ఉన్న అమ్మాయి గట్టిగానే అంది: "డోలీ మోసే బాధ మాది కాబట్టి చేస్తాం సారూ. మాకు అవసరం ఉందని మా కూలి ఎగ్గొడితే ఎలా?"

నేను ఒప్పుకున్నాను. పెరూలో 1995 నుంచి పల్లె రోడ్ల నిర్వహణని ఆ రోడ్డు పక్క ఊళ్లవాళ్ల చిన్న సంఘాలకే కాంట్రాక్టు ఇచ్చి నెలనెలా డబ్బు కడుతున్నారు. మన దగ్గరే ఉత్తరాఖండ్, హిమాచల్‌లో కొన్ని సడక్ యోజన రోడ్ల పని మహిళా సంఘాలకి అప్పగించారు. డబ్బు మట్టి కొలతకి కాకుండా రోడ్డు నడిచే స్థితిలో ఉందా లేదా అన్నదానికి కడతారు. ఇది చెప్పగానే తాత లేచి కూర్చున్నాడు. "అయితే రాయి, అర్జీ" అన్నాడు.

సోలార్ లైటు కింద రాశాం. జూన్ నుంచి అక్టోబరు దాకా రోడ్డు మీద ఇద్దరు మనుషులు, ఊరే ఎంచుకోవాలి, నెల జీతం ఇవ్వాలి. పారలు, గునపాలు, దిమ్మిసలు. కూలి మహిళా సంఘం ఖాతాలో పడాలి. గెడ్డ దగ్గర ఉన్న సన్న పైపు తీసేసి, మనిషి దూరి శుభ్రం చేయగలిగేంత పెద్దది వేయాలి. ఆశా అమ్మాయి ఇంకొకటి చేర్పించింది: రోడ్డు బాగున్న నెలల్లో ఫీడర్ అంబులెన్స్ (రోగుల్ని పెద్ద అంబులెన్స్ దాకా చేర్చే బండి) గూడెం దాకా రావాలి, తారు రోడ్డు చివర ఆగిపోకూడదు.

పాడేరు ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థ) అర్జీ ఎవరు పట్టుకెళ్లాలన్న దగ్గర అందరూ పసుపు చెక్క ఆమె వైపే చూశారు. ఎదురు నిలబడి అడగగలిగేది ఆమే అని అందరికీ తెలుసు. వెళ్తానంది. తను తిరిగొచ్చేసరికి పణుకు కింద మూడో వరస రాళ్లు కూడా పేర్చి ఉండాలని అక్కడే తాత చేత ఒప్పించుకుంది.