చెట్టు మీద మూడు కుందేళ్ళు

ఇవాళ శనివారం. లేచేసరికే తొమ్మిదిన్నర. వారమంతా పేరుకున్న బట్టలు మెషిన్‌లో వేసి, అవి తిరుగుతుంటే ఎదురుగా కూర్చుని ఫోన్ చూస్తూ ఇంకో గంటన్నర పోగొట్టి, సరే ఈ శనివారం కూడా ఇలాగే గోవిందా అనుకుంటుండగా మెసేజ్. "సాయంత్రం మర్చిపోలేదు కదా?" అని. శుభ్రంగా మర్చిపోయాను. "అయ్యో ఎంత మాట, రెడీ అవుతున్నా" అని పెట్టేశా. అప్పటికి టైము పన్నెండు, ప్రోగ్రాం రాత్రి ఏడింటికి. ఆవిడ ఏమనుకుని ఉంటారో.

ఆవిడంటే మా ఆఫీసులో అకౌంట్స్ చూసే మేడం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఒక క్వయర్‌లో (గుంపుగా పాడే బృందం) ఆల్టో, అంటే ఆడవాళ్ళ గొంతుల్లో కింది స్థాయి వరస, పాడతారు. మూడు నెలల నుంచీ ఎక్సెల్ షీట్ ముందు కూర్చుని ఏదో టకటకమని గొణుక్కుంటూ ఉంటే నేను లెక్క తేలక తిట్టుకుంటున్నారనుకున్నా. చివరికి ఉండబట్టలేక అడిగితే, కుందేళ్ళు, అన్నారు. చెట్టెక్కి డోలు వాయించే మూడు కుందేళ్ళట, స్పానిష్‌లో. "అది నా పార్టు కూడా కాదండీ, కానీ రిహార్సల్‌లో విన్నప్పటి నుంచీ నోట్లోంచి దిగట్లేదు" అన్నారు. పాల్ మెకార్ట్నీ రాసిందట. బీటిల్స్ బ్యాండ్ మెకార్ట్నీయా? ఆ మెకార్ట్నీయే. అయితే గిటార్లూ డ్రమ్సూ ఉంటాయా అని అడిగా ఉత్సాహంగా. ఉండవు, బ్యాండేమీ ఉండదు, మా క్వయరూ ఆర్కెస్ట్రా నలుగురు సోలో సింగర్లూ అంతే, దాదాపు గంటన్నర పైనే ఉంటుంది, వస్తారా, అన్నారు. ఆ మొహంలో ఆశ చూసి కాదనలేకపోయా.

పేరు లివర్‌పూల్ ఒరటోరియో. ఒరటోరియో అంటే ఏమిటో మధ్యాహ్నం కూర్చుని చదువుకున్నా (బట్టలు ఆరేశాక). ఒపెరా లాగే కథ ఉంటుంది, పాత్రలుంటాయి, కానీ వేషాలు నటన సెట్లు ఏమీ ఉండవు, అందరూ నిలబడి పాడతారు. 1991 జూన్ 28న ఇంగ్లండ్‌లో మెకార్ట్నీ సొంతూరు లివర్‌పూల్‌లోని కథీడ్రల్‌లో (పెద్ద చర్చి) మొదటిసారి వేశారట, కిరి తె కనవా లాంటి పెద్ద ఒపెరా గాయని పాడిందట. అక్కడి ఫిల్‌హార్మోనిక్ సొసైటీ అనే సంగీత సంస్థకి నూట యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా అడిగి రాయించుకున్నారు. నాకు బాగా నచ్చిన సంగతేంటంటే మెకార్ట్నీ చిన్నప్పుడు అదే కథీడ్రల్ క్వయర్‌లో చేరడానికి ఆడిషన్‌కి వెళ్తే వద్దన్నారట. పద్దులో రాసిపెట్టుకుని మరీ తీర్చుకున్నట్టుంది.

ఏడుకి ఐదు నిమిషాలుండగా దూరాను. పాత చర్చి, చెక్క బెంచీలు, వాటి మీద గంటన్నర అంటే నడుము సంగతి నాకు కూర్చోగానే అర్థమైంది. పక్కన మేడం గారి భర్త. పలకరింపులయ్యాక ఆయన మెల్లగా వంగి "మూడు నెలలుగా ఇంట్లో ఇదేనండీ, కానీ ఆల్టో ఒక్కటే, అసలు పాట ఎలా ఉంటుందో నాకు ఇప్పటిదాకా తెలీదు" అన్నారు. తర్వాత గమనించా, క్వయర్ లేచి పాడినప్పుడల్లా ఆయన పెదాలు కదులుతున్నాయి, కరెక్ట్‌గా ఆల్టో దగ్గరే. ఒకచోట మొత్తం అన్ని గొంతులూ కలిసి వచ్చేసరికి నా వైపు తిరిగి "ఓహో, ఇదా!" అన్నారు, కాస్త గట్టిగానే, ముందు వరసావిడ వెనక్కి తిరిగి చూసింది. ఇంట్లో ఇదంతా ఒకే స్వరం మీద వేలాడుతుండేదట పాపం.

కథ మెకార్ట్నీ కథే, పేరు మార్చాడంతే. హీరో షాంటీ, 1942లో బాంబులు పడుతుండగా లివర్‌పూల్‌లో పుడతాడు, మెకార్ట్నీ పుట్టిందీ ఆ ఏడాదే. మొదటి భాగం పేరే వార్. చాలా గంభీరంగా మొదలైంది, కిందనుంచి లేచే చెల్లోలు (పెద్ద వయొలిన్లలాంటివి), సైరన్ లాగా క్వయరూ, అన్నీ ఉన్నాయి, బాగానే ఉంది, కానీ నేను మాత్రం ఈ సందులో వస్తాడు ఆ సందులో వస్తాడు అని బీటిల్ కోసం వెతుకుతూ కూర్చున్నా. రాలేదు. ఆర్కెస్ట్రా ఎప్పుడూ చేసే పనే చేసింది, పెద్దగా మొదలై చిన్నగా అయి మళ్ళీ పెద్దదైంది.

రెండో భాగం స్కూల్. మెజో సోప్రానో (ఆడవాళ్ళలో మధ్య స్థాయి గొంతు) పాడే ఆవిడ టీచర్‌గా వచ్చి స్పానిష్ పాఠం మొదలుపెట్టింది. త్రెస్ కొనేహోస్... అంతే, నాకు ఒక్కసారిగా ఆఫీసు, ఆ ఎక్సెల్ షీటు, మేడం వేళ్ళు టేబుల్ మీద కొట్టే తాళం అన్నీ గుర్తొచ్చి పుసుక్కున నవ్వొచ్చేసింది. క్వయర్‌లో రెండో వరసలో ఆవిడ. ఆవిడ పాడాల్సింది కాదు కదా, నల్ల ఫోల్డర్ మూసి ఛాతీకి ఆనించుకుని కళ్ళు కండక్టర్ మీదే పెట్టి బిగబట్టుకుని నిలబడ్డారు, కానీ కింది పెదవి కదులుతోంది. ఆ పాఠం మెకార్ట్నీకి నిజంగా స్కూల్లో చెప్పిందేనట, దాచుకుని దాచుకుని తీసుకొచ్చి వంద మంది ఉన్న స్టేజీ మీద పెట్టాడు. అప్పుడు దొరికాడు నాకు, నేను వెతుకుతున్న మనిషి. ఆ గంభీరమైన చోట్లలో కాదు, ఈ తిక్క చోట్లో. దీని గురించి ఇంకా చాలా రాయొచ్చు గానీ ఒక్క మాట, గొప్ప సంగీతం రాయాలి అని కూర్చున్న చోటల్లా అతను ఎవరో ఇంకొకరిలా ఉన్నాడు, మా మాస్టారు ఇలా చెప్పేవాడు అని గుర్తు చేసుకున్న చోటల్లా బతికొచ్చాడు.

మధ్యలో కొన్ని భాగాలు నాకు సాగినట్టే అనిపించాయి, దాచుకోవడం దేనికి. పాటైతే మూడు నిమిషాల్లో ముగించాలి అని ఎవడో ఒకడు నెత్తిన కూర్చుని ఉంటాడు, ఇక్కడ చాలు అనేవాళ్ళే ఉన్నట్టు లేరు. చక్కటి ట్యూన్ వస్తుంది, రెండో చరణం వస్తుందని మనం సర్దుకుని కూర్చుంటే అది రాదు, అదే ట్యూన్ వయొలిన్లకి పోతుంది, అక్కణ్ణుంచి బూరలకి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో. ఫాదర్ అనే భాగం మాత్రం ఒళ్ళు జలదరించింది. షాంటీ తండ్రి పోతాడు. మెకార్ట్నీ నాన్న కూడా సంగీతం మనిషే, జాజ్ బ్యాండ్ నడిపాడు, 1976లో పోయాడు. కథలో భార్య పేరు మేరీ డీ. మెకార్ట్నీకి పద్నాలుగేళ్ళప్పుడు పోయిన వాళ్ళమ్మ పేరూ మేరీయే. ఇది తెలిసి విన్నాక ఆ పాత్ర పాడుతుంటే వేరేగా వినపడింది, మరి రాసేటప్పుడు అతనికి అది తట్టిందో లేదో.

ఇంటర్వెల్‌లో మేడం గారి భర్తకీ నాకూ చిన్న వాదన. మెకార్ట్నీకి నొటేషన్ చదవడం రాయడం రాదు. అతను పాడి, పియానో మీద వాయించి చూపిస్తుంటే కార్ల్ డేవిస్ అనే కంపోజర్ కాగితం మీద పెట్టాడు, మొదటిసారి కండక్ట్ చేసిందీ ఆయనే. మరి ఇది మెకార్ట్నీది ఎలా అవుతుందండీ, అన్నారాయన. నేను వెంటనే ఇళయరాజా పేరు తీశా, 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫొనీ వాలియంట్ వేయించినప్పుడు మా గ్రూపుల్లో రెండ్రోజులు పండగ చేసుకున్నారు కదా, ఆయనైతే ప్రతి వాయిద్యానికీ తనే కూర్చుని కాగితం మీద రాసేస్తాడు. "చూశారా, నేనన్నది అదే" అన్నారాయన. నా ఉదాహరణ నాకే ఎదురు తిరిగింది. ఏం చెప్పాలో తోచక గబగబా బీటిల్స్ మీదికి పోయా. ఎలనార్ రిగ్బీ అనే పాటలో బీటిల్స్ ఒక్కరూ ఒక్క వాయిద్యమూ ముట్టుకోలేదు, నాలుగు వయొలిన్లు రెండు వయోలాలు రెండు చెల్లోలు, అవి రాసింది జార్జ్ మార్టిన్, 1966లో. అయినా అది మెకార్ట్నీ పాట కాదని ఎవరైనా అన్నారా? రెండు నిమిషాల పాటకి లేని అనుమానం గంటన్నరకి ఎందుకొచ్చింది, క్లాసికల్ అని బోర్డు పెట్టినందుకేగా? ఆయన కాసేపు ఆలోచించి "అప్పుడు వాయిద్యాలు పాట వెనకాల ఉన్నాయండీ, ఇప్పుడు పాటే వాటి వెనకాల ఉంది" అన్నారు. నిజం చెప్పాలంటే మంచి మాట. బెల్లు కొట్టారు కాబట్టి నేను ఓడిపోలేదు.

రెండో సగంలో పెళ్ళి, ఉద్యోగాలు, గొడవ, గర్భంతో ఉన్న మేరీ డీని కారు గుద్దడం, బిడ్డ దక్కడం, చివర్లో శాంతి. ఉద్యోగాల భాగంలో ఆమె ఆఫీసులో పెద్ద బాసు, లెటర్ మీద సంతకం పెట్టానా అని కంగారుపడుతుంటుంది, అది వింటూ మేడం వైపు చూశా, ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు, శుక్రవారం సాయంత్రం ముఖం.

అయిపోయాక బయట గేటు దగ్గర ఆవిడ కోసం ఆగాం. చెమటలు పట్టి, మొహం వెలిగిపోతూ వచ్చారు, ఎలా ఉందండీ అన్నారు. బావుందండీ, చాలా బావుంది అన్నా, మధ్యలో సాగింది అనే ముక్క మింగేశా. ఆవిడ ఫోల్డర్ ఇచ్చి చూడమన్నారు. పేజీల నిండా పెన్సిల్ గీతలు, ఊపిరి తీసుకోవాల్సిన చోట కామాలు, "పైకి చూడు", "తొందరపడకు", రెండు చోట్ల పక్కావిడ పేరు రాసి పక్కన "ఈమెని వినకు". స్కూల్ భాగంలో కుందేళ్ళ పేజీ మీద, ఆవిడకి ఒక్క స్వరమూ లేని పేజీ మీద, పెద్ద అక్షరాలతో "నోరు మూసుకో" అని రాసి కింద రెండు గీతలు కొట్టుకున్నారు.

ఇంటికొచ్చేసరికి పదకొండు. మధ్యాహ్నం ఆరేసిన బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి, మడతపెట్టే పని తప్పింది. నడుము పట్టేసింది. పడుకుందామని లైటు ఆర్పి మళ్ళీ వేసి ఇది రాస్తున్నా, ఎందుకంటే కళ్ళు మూస్తే చాలు త్రెస్ కొనేహోస్, మంచం చెక్క మీద నా వేళ్ళే తాళం వేస్తున్నాయి. సోమవారం మేడంకి చెప్పాలి.